ఒకే డోరు నంబరు, ఇద్దరు అద్దెవాళ్ళు

రెండు గదుల వాటాలో ఆరుగురు సర్దుకుని బతకడమెలాగో మనకి ఒకరు నేర్పక్కర్లేదు. పగటి డ్యూటీ ఆయనా, రాత్రి డ్యూటీ ఆయనా ఒకే మంచం వంతులేసుకుని వాడుకోవడమూ ఎరుగుదుం. సరిగ్గా ఈ విద్యనే అమెరికాలో కొందరు ఒక బుల్లి కంప్యూటరు మీద ప్రయోగించారని చదివినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. కంప్యూటరనగానే పేజీ తిప్పెయ్యకండేం! ఇది సంసారం సంగతే.

1983లో రేడియో షాక్ దుకాణాల్లోకి టి.ఆర్.ఎస్.-80 మోడల్ 100 అనే యంత్రం వచ్చింది. తయారుచేసింది జపానులోని క్యోసెరా కంపెనీ. పెద్ద నోటుపుస్తకమంత ఉంటుంది, బరువు సుమారు కిలోన్నర. తెర మీద 8 వరుసలు, వరుసకి 40 అక్షరాలు, అంతే. నాలుగు పెన్సిలు సెల్సు వేస్తే ఇరవై గంటల దాకా పనిచేసేది. (మా ఇంట్లో టార్చిలైటుకి కూడా అంత ఓపిక లేదు.) దాని లోపలి ప్రోగ్రాముల్లో చాలాభాగం బిల్ గేట్స్ స్వయంగా కూర్చుని రాసాడు, సుజుకి అనే సహచరుడితో కలిసి. తను అంత ఎక్కువ భాగం రాసిన ఆఖరి యంత్రం అదేనని తర్వాత చెప్పుకున్నాడు కూడా. పత్రికా విలేఖరులకైతే అది ప్రాణం. ఎక్కడ కూర్చుంటే అక్కడే టైపు చేసుకుని, టెలిఫోను తీగ తగిలించి ఆఫీసుకి పంపేసేవారు.

ఇన్ని సుగుణాలున్నదానికి ఒక్కటే లోటు. జ్ఞాపకశక్తి చాలదు. 8 కె తో మొదలుపెట్టి, ఇంకో 8, ఇంకో 8 చొప్పున ముక్కలు కొని గుచ్చుకుంటూ పోతే 32 కె దగ్గర ఆగిపోతుంది. అందులోనూ మనకి మిగిలేది 29,638 బైట్లు. ఈ రోజుల్లో తెలుగులో ఒక్కో అక్షర చిహ్నానికి 3 బైట్లు పడుతున్నాయి గనక, నేను రాస్తున్న ఈ నాలుగు ముక్కలే ఆ చోటులో సుమారు సగం తినేస్తాయి.

పోనీ ఇంకాస్త కొని పెట్టుకోకూడదూ అంటారేమో. కుదరదు. ఆ యంత్రం మెదడుకి 16 చిరునామా తీగలు. వాటితో లెక్కపెట్టగలిగే ఇళ్ళు 65,536 మాత్రమే. అందులో సగం కంపెనీ వారు చెరగని అచ్చుగా పెట్టిన ప్రోగ్రాములవి, దాన్నే రామ్ కాదు, రోమ్ అంటారు. మిగతా సగం మన రాతలవి, అది రామ్. వీధి నిండిపోయింది!

అయితే యంత్రం అడుగున ఒక చిన్న మూత ఉంది. అది తీస్తే ఇంకొక్క రోమ్ చిప్పు పెట్టుకునే చోటు. దాని ఇళ్ళకీ, అసలు రోమ్ ఇళ్ళకీ డోరు నంబర్లు ఒకటే. ఎవరు పలకాలో యంత్రం నిర్ణయిస్తుంది, ఒకరు పలికితే రెండోవారు మౌనం. లూసిడ్ అనే లెక్కల పట్టిక లాంటివి ఇలా చిప్పులో అమ్మేవారు. బేసిక్ లోకి వెళ్ళి కాల్ 63012 అని కొడితే అది మేలుకునేది. ప్రోగ్రాము చిప్పులోనే ఉంటుంది గనక మన 29,638 బైట్లలో దానికి పెద్దగా పంచివ్వక్కర్లేదు. అదీ లాభం.

కానీ చోటు ఒక్క చిప్పుకే. రెండోది కావాలంటే మొదటిది పెరికి తీయాలి. జెర్రికున్నట్టు 28 కాళ్ళు దానికి. నాలుగుసార్లు పెరికితే ఒక కాలు వంగుతుంది, ఐదోసారి విరుగుతుంది. ఇదిగో, ఇక్కడే ఔత్సాహికులు రంగంలోకి దిగారు.

వాళ్ళు చేసినది వింటే ఇంతేనా అనిపిస్తుంది. 32 కె చిప్పు బదులు 64 కె చిప్పు తెచ్చారు. కింది సగంలో ఒక ప్రోగ్రాము, పై సగంలో ఇంకోటి నింపారు. ఆ చిప్పుకి అదనంగా ఉండే ఒక్క చిరునామా తీగని ఒక మీటకి కలిపారు. మీట ఇటు వేస్తే కింది వాటా, అటు వేస్తే పై వాటా. 128 కె చిప్పుకి రెండు మీటలు పెడితే నాలుగు వాటాలు! ఈ చిప్పుల జాతిని 1971లో ఇంటెల్ లో డోవ్ ఫ్రోమన్ కనిపెట్టాడు. నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. అతినీలలోహిత కాంతి పట్టిస్తే పాత రాతంతా చెరిగిపోయి మళ్ళీ రాసుకోవచ్చు. మామూలు వెలుతురు తగలకుండా కిటికీ మీద కాగితం అంటిస్తారు.

చిక్కేమిటంటే, మోడల్ 100 లో కాళ్ళ వరుస లోకంలోని చిప్పుల్లా ఉండదు. మధ్యలో తీగలు దారి మళ్ళించే బుల్లి పలక ఒకటి చేసుకోవాలి, అదీ మూత పట్టేంత పల్చగా. 1986లో వచ్చిన చెల్లెలు టాండీ 102 కి ఈ వంకర పోయింది. ఇక మీటని యంత్రం ఆపకుండా కదిపారో, అది అయోమయంలో పడి రాసుకున్నదంతా తుడిచేసుకుని మొదటికి రావచ్చు. సాయంత్రానికి వార్త పంపాల్సిన విలేఖరి గతేం కాను?

రామ్ కి వాటాలు వేయడం ఇంకా కష్టం. రోమ్ చిప్పు కరెంటు లేకపోయినా తన పాఠం మరిచిపోదు. రామ్ అలా కాదు, బయటికెళ్ళిన అద్దెవాడికి కూడా వేళకి అన్నం పంపుతూనే ఉండాలి. వాడుకలో లేని వాటాకి సన్నగా కరెంటు అందకపోతే అందులోని కాగితాలన్నీ మాయం. క్యోసెరా ఇంట్లోనే పుట్టిన ఎన్.ఇ.సి. పి.సి.-8201ఎ కి మాత్రం ఈ ఏర్పాటు పుట్టుకతోనే ఉంది. ఒక్కో వాటాకి దాని ఫైళ్ళు, దాని పట్టిక. 1984 నాటి టాండీ 200 లో 24 కె చొప్పున మూడు వాటాల దాకా పెట్టుకోవచ్చు. అంటే జనం చేతిపని చేసుకుంటున్న సంగతి కంపెనీల చెవిన పడకపోలేదు కాబోలు.

ఇప్పుడు మీటలు కూడా పాతబడ్డాయి. రెక్స్ అనే చిన్న పలకలో బోలెడు రోమ్ లు దాచుకుని, తెర మీది పట్టికలోంచే కావలసినది పిలుచుకుంటున్నారు. అయినా మీట చిప్పులు చేసుకునేవాళ్ళున్నారు, ఎందుకంటే తీగ ఎటు పోతోందో కంటికి కనిపిస్తుంది. నా ఓటు కూడా వాళ్ళకే.

అయితే వీళ్ళెవరూ పాత యంత్రం చేతికి రాగానే చిప్పు జోలికి పోరు. ముందు లోపల అతికించిన నికెల్ కాడ్మియం బ్యాటరీని చూస్తారు. సెల్సు మార్చే వ్యవధిలో రాతలు పోకుండా కాపాడినది అదే. నలభయ్యేళ్ళకి అదే కారి, రాగి దారుల్ని తినేస్తోంది. దాన్ని ఊడదీసి, పచ్చగా పట్టిన చిలుముని వెనిగరు అద్దిన దూదితో తుడిచి, ఆరనిస్తారు. ఆ తర్వాతే అడుగు మూత తీసి చిప్పు గుచ్చి, కాల్ 63012 కొడతారు.