పత్తికొండలో పోయిన గవర్నరు, కోటలోని చర్చి

చెన్నైలోని సెయింట్ జార్జి కోటకు సచివాలయంలో పనుండి వెళ్లేవాళ్లే ఎక్కువ. తనిఖీలు దాటి లోపలికెళ్తే సెయింట్ మేరీస్ చర్చి కనిపిస్తుంది. 1678లో మొదలుపెట్టి, 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠించారు. మన దేశంలోని ఆంగ్లికన్ చర్చిల్లో ఇదే అన్నిటికన్నా పాతది.

లోపలికి వెళ్లగానే తలెత్తి చూడాలి. ఇటుక, సున్నంతో కమానుగా కట్టిన ఆ కప్పు మందం రెండడుగులు. బయటి గోడలు నాలుగడుగులు. తుపానుకూ, ఫిరంగి గుండుకూ తట్టుకోవాలని అలా కట్టారు. ఆవరణలో పరిచినవన్నీ సమాధి రాళ్లే. 1758-59 ముట్టడిలో సేనాని లాలీ నాయకత్వంలోని ఫ్రెంచి సైన్యం కోట బయటి శ్మశానంలోని సమాధులను చాటు చేసుకుంది. ఆ తర్వాత ఇంగ్లిషువాళ్లు వాటిని పడగొట్టి, పలకలను ఇక్కడ పరిపించారు. లాటిన్, పోర్చుగీసు, ఆర్మేనియన్ అక్షరాలు. వాటిని తొక్కుకుంటూ నడవడానికి మనసొప్పదు.

1753లో రాబర్ట్ క్లైవ్ పెళ్లి ఇక్కడే జరిగిందని అందరూ చెప్పుకుంటారు. తెలుగువాళ్లు వెతుక్కోవలసింది మాత్రం సర్ థామస్ మన్రో సమాధిని. 1800లో నిజాం దత్తమండలాలను, అంటే ఇప్పటి రాయలసీమ, బళ్లారి ప్రాంతాలను, ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి, 1807 దాకా అక్కడే పనిచేశాడు. జమీందారు ప్రమేయం లేకుండా రైతు పేరనే పట్టా రాసిన రైత్వారీ పద్ధతి అక్కడ ఆయన చేతుల మీదుగానే స్థిరపడింది. శిస్తు భారమూ తక్కువేం కాదు. నాలుగో వంతు తగ్గించాలని 1807లో ఆయనే సిఫారసు చేశాడు. పాలెగాళ్ల అధికారాన్ని అణచిందీ ఆయనే. వాళ్లకు మిగిలిన పింఛన్ల తగవే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఒక కారణమైంది. అయినా సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఈ రెండు నిజాలనూ కలిపి చూడకపోతే మన్రో అర్థం కాడు.

మద్రాసు గవర్నరుగా పదవి ముగించుకొని స్వదేశం వెళ్లే ముందు, పాత జిల్లాలను మరోసారి చూడాలని బయలుదేరాడు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో ఖననం చేశారు. 1831లో అస్థికలను ఈ చర్చికి తరలించారు. పాలకుల పేర్లు ఇన్ని గోడలకెక్కిన ఈ చర్చిలో, ఆ శిస్తు కట్టిన బళ్లారి, కడప, అనంతపురం రైతుల ప్రస్తావన ఉండాల్సింది. చూడటానికి వెళ్లే సీమవాసులు పిల్లలకు ఆ సంగతీ చెప్పాలి.