స్పెక్ట్రమ్ ఉమ్మడి వాడకం (భారతదేశం)

ఒకే సర్కిల్‌లో (టెలికం లైసెన్సు ప్రాంతంలో) పోటీపడే రెండు టెలికం కంపెనీలు తమ వాటా రేడియో తరంగాలను కలిపి వాడుకోవడమే స్పెక్ట్రమ్ షేరింగ్. మన దేశంలో దీనికి 2015లో అనుమతి దొరికింది. అవసరం మాత్రం 2010 నాటి 3జీ వేలంతోనే పుట్టింది.

ఆ వేలంలో ఖజానాకు సుమారు 67,700 కోట్ల రూపాయలు వచ్చాయి. అయితే మొత్తం 22 సర్కిళ్లలో గెలిచిన ప్రైవేటు కంపెనీ ఒక్కటీ లేదు. నేటి రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో ఎయిర్‌టెల్, ఐడియా, ఎయిర్‌సెల్ తలా 1,373 కోట్లు పెట్టి గెలిచాయి. అక్కడ వొడాఫోన్‌కు ఏమీ దక్కలేదు. దాంతో ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా ఒక ఒప్పందానికి వచ్చాయి. ఒకరికి స్పెక్ట్రమ్ లేని చోట వారి చందాదారులకు మరొకరి నెట్‌వర్క్ మీద 3జీ అందేది. ఇది రోమింగేనని కంపెనీలు వాదించాయి. స్పెక్ట్రమ్ కొనకుండా 3జీ అమ్ముకోవడమేనంటూ 2011 డిసెంబరులో టెలికం శాఖ ఆపమంది. ఆపై సర్కిల్‌కు 50 కోట్ల చొప్పున జరిమానా వేసింది. ఆపాలన్న ఆదేశంపై టెలికం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్‌లో 2012లో సభ్యులు చెరో తీర్పు ఇచ్చారు. 2014 ఏప్రిల్ 29న ఆ ట్రిబ్యునలే జరిమానాలను కొట్టేసింది. అది న్యాయమైన తీర్పు. స్పెక్ట్రమ్‌ను ముక్కలు చేసి అమ్మాక కంపెనీలు కలవకుండా దేశమంతటా సేవ ఎలా అందుతుంది?

2015 సెప్టెంబరు 24న స్పెక్ట్రమ్ షేరింగ్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. ఇద్దరికీ ఒకే సర్కిల్‌లో, ఒకే బ్యాండ్‌లో స్పెక్ట్రమ్ ఉండాలన్నారు, అద్దెకివ్వడం కుదరదన్నారు. అంటే వేలంలో వట్టి చేతులతో మిగిలినవారికి ఇది అక్కరకు రాలేదు. పైగా స్పెక్ట్రమ్ వినియోగ ఛార్జీ అర శాతం పెరిగేది. ఇన్ని షరతులున్నా లాభం చిన్నది కాదు. విడివిడిగా ఉన్న రెండు 5 మెగాహెర్ట్జ్ ముక్కల్లో ఒకటి కిక్కిరిసి, రెండోది ఖాళీగా ఉండిపోవచ్చు. పక్కపక్కనున్న ఆ రెంటినీ కలిపి 10 మెగాహెర్ట్జ్‌గా నడిపితే ఆ వృథా తగ్గుతుంది, ఒక్కో ఫోనుకు అందగల గరిష్ఠ వేగమూ దాదాపు రెట్టింపవుతుంది.

2016 జనవరిలో రిలయన్స్ కమ్యూనికేషన్స్, జియో 800 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చేతులు కలిపాయి: 17 సర్కిళ్లలో షేరింగ్, 9 సర్కిళ్లలో కొనుగోలు. గోడలు దాటి ఇళ్లలోకి బాగా చొచ్చుకుపోయే తరంగాలివి. అదే ఏడాది సెప్టెంబరులో సేవలు మొదలుపెట్టిన జియోకు ఇవి ఎంతో ముఖ్యం. తర్వాత రిలయన్స్ కమ్యూనికేషన్స్ దివాలా తీసింది. అది ప్రభుత్వానికి చెల్లించాల్సిన ఏజీఆర్ (సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం) బకాయిలను ఆ స్పెక్ట్రమ్ వాడుకుంటున్న జియో ఎందుకు కట్టకూడదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రశ్నించింది. కలిపి వాడుకున్నప్పుడు పాత అప్పు ఎవరిదన్న చిక్కు మార్గదర్శకాలు రాసేటప్పుడే తేల్చాల్సింది.

అర శాతం అదనపు ఛార్జీని 2021 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఎత్తేసింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం అద్దెకిచ్చే దారి కూడా తెరిచింది. వేర్వేరు బ్యాండ్‌ల స్పెక్ట్రమ్‌నూ పంచుకోనివ్వాలని 2024 ఏప్రిల్‌లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సు చేసింది.