పాస్టరు, డాక్టరు, పక్కనే అమ్మ

చిత్తూరు, తిరుపతి వైపు జబ్బు ముదిరితే పెద్దవాళ్లు ఇప్పటికీ "రాయవేలూరు తీసుకెళ్లండి" అంటారు. గుండెకీ కిడ్నీకీ అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రికి వెళ్లొచ్చినవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉంటారు. అదే సీఎంసీకి ఊరి అంచున బాగాయంలో మానసిక చికిత్సకు వేరే ఆసుపత్రి ఉందనీ, అక్కడ చేరాలంటే రోగితోపాటు ఇంటి మనిషి ఒకరు ఉండి తీరాలనీ తెలిసినవాళ్లు తక్కువ. బెంగళూరులో చర్చి మనుషులు మానసిక రోగుల కోసం చేసిన పని అర్థం కావాలంటే ముందు రాయవేలూరుకీ, అంతకంటే ముందు లక్నోకీ వెళ్లాలి.

అమెరికా మెథడిస్టు మిషనరీ ఇ. స్టాన్లీ జోన్స్ 1907లో లక్నో వచ్చారు. కొన్నేళ్లకే ఒళ్లూ మనసూ చితికిపోయాయి. విశ్రాంతి కోసం స్వదేశం వెళ్లొచ్చినా మళ్లీ కుప్పకూలారు. లక్నో చర్చిలో ప్రార్థనలో ఉండగా స్వస్థత కలిగిందని ఆయనే రాసుకున్నారు. అంత అనుభవం ఉన్నవాడు "ప్రార్థన ఒక్కటే చాలు" అని ఊరూరా చాటినా ఎవరూ కాదనేవారు కాదు. ఆయన మాత్రం 1950లో అదే లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక చికిత్సాలయం తెరిపించి, దాన్ని సైకియాట్రిస్టుల చేతుల్లో పెట్టారు. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఎర్నా హోక్ 1956 నుంచి కొన్నేళ్లు దాన్ని నడిపారు. ఈ చరిత్ర మొత్తంలో నేను చేతులెత్తి దండం పెట్టేది జోన్స్ తీసుకున్న ఆ నిర్ణయానికే.

రాయవేలూరులో 1957లో కెనడా డాక్టరు ఫ్లోరెన్స్ నికొల్స్ మానసిక ఆరోగ్య కేంద్రం మొదలుపెట్టారు. అప్పటికి పిచ్చాసుపత్రి అంటే ఎత్తయిన గోడలు. గేటు దాకా తెచ్చి దింపి వెళ్లిపోయే బంధువులు. మన దగ్గర "ఎర్రగడ్డకు పంపాలి" అన్న మాట తిట్టుగా మారిందీ ఆ భయం వల్లే. దీనికి భిన్నంగా అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి, రోగుల కుటుంబాలను వాటిలో ఉంచారు. బాగాయంలోనూ అదే దారి. తల్లో, భర్తో, అన్నో పక్కనే ఉంటారు. మాత్ర మింగకపోతే ఏం చేయాలో, నిద్ర తగ్గితే దేనికి గుర్తో, ఏ మాటకు మనిషి రెచ్చిపోతాడో అక్కడే తెలుసుకుంటారు. ఇంటికెళ్లాక చూసుకోవాల్సింది వాళ్లే కదా!

ఇంట్లో చూసుకునేవాళ్లే లేకపోతే? ఆ చిక్కుకు జవాబు వెతికింది బెంగళూరు. పాత పిచ్చాసుపత్రి 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థకు పునాది అయింది. 1974లో అదే నిమ్హాన్స్ అయింది. వైద్యానికి కొదవలేదు. కానీ వ్యాధి నెమ్మదించినా కొందరికి తిరిగి వెళ్లే ఇల్లు ఉండదు. ఉన్నా లోపలికి రానివ్వరు. 1964లో ఈ ఊళ్లో చర్చి మనుషుల చొరవతో ఏర్పడిన మెడికో పాస్టోరల్ అసోసియేషన్ తర్వాత అలాంటివారి కోసం హాఫ్‌వే హోమ్ నడిపింది. దేశంలో తొలినాటి హాఫ్‌వే హోముల్లో అదొకటి. ఆసుపత్రి మంచానికీ సొంత గడపకీ మధ్య మజిలీ అది. వేళకు లేవడం, మందు వేసుకోవడం, పని పంచుకోవడం, నలుగురితో కలిసి తినడం... చూడ్డానికి చిన్నవే. ఏళ్ల తరబడి జబ్బుతో నలిగిన మనిషికి వీటిలో ఒక్కొక్కటి మళ్లీ చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఇటు నిమ్హాన్స్‌లోనూ 1977లో కుటుంబ చికిత్సకు ప్రత్యేక కేంద్రం వచ్చింది.

నాకు కోపం తెప్పించేది ఒకటుంది. జోన్స్ లక్నోలో ఆసుపత్రి తెరిచిన అర్ధ శతాబ్దం తర్వాత కూడా, 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థత కోసం దర్గాకు తెచ్చి గొలుసులతో కట్టేసిన 28 మంది మంటలు చుట్టుముట్టి చనిపోయారు. ఏ మతమైనా సరే, నమ్మకం పేరుతో మనిషిని కట్టేసే హక్కు ఎవరికీ లేదు. మన క్రైస్తవుల్లోనూ "దెయ్యం పట్టింది, మందులు ఆపండి" అనే ప్రార్థనకర్తలున్నారు. మాత్రలు మానిపించి ఉపవాసాలు పెట్టించే చోటికి మీవాళ్లను పంపకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టేయడాన్ని పూర్తిగా నిషేధించింది. మానసిక రోగులను చేర్చుకుని చూసుకునే సంస్థ ఏదైనా, మతం పేరుతో నడిచేదైనా, రిజిస్టర్ చేయించుకోవాల్సిందే. చేర్చే ముందు ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. వచ్చి చూసే సైకియాట్రిస్టు ఎవరో, మీలో ఒకరు పక్కన ఉండనిస్తారో లేదో కూడా అడగండి.