ఒకే చైన్‌రింగ్ సైకిళ్లు – చైన్ ఊడకుండా చూడడం

పెడళ్ల దగ్గర రెండు మూడు పళ్లచక్రాలకు (చైన్‌రింగ్‌లకు) బదులు ఒక్కటే ఉండి, గేర్లన్నీ వెనక చక్రానికే ఉండే సైకిళ్లలో చైన్ ముందు పళ్ల మీది నుంచి జారిపోవడం ప్రధాన సమస్య. పాత గేర్ సైకిళ్లలో ముందు డిరైలర్ అనే పరికరం గేర్లు మార్చడంతో పాటు చైన్ పక్కకు పోకుండా కాపలా కూడా కాసేది. దాన్ని తీసేయడంతో ఆ కాపలా పోయింది. గతుకుల్లో చైన్ కింది వరుస వదులై ఎగిరిపడుతుంది. ఆ ఊపు ముందు పళ్లచక్రానికి చేరితే చైన్ పళ్లను వదిలేస్తుంది. వెనక అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీద చైన్ ఏటవాలుగా ఉన్నప్పుడు పెడల్‌ను వెనక్కి తిప్పినా ఊడవచ్చు.

దీనికి అసలైన పరిష్కారం పళ్ల ఆకారంలో దొరికింది. చైన్‌లో లోపలి లింకు సందు ఇరుకు, బయటి లింకు సందు వెడల్పు. అందుకు తగ్గట్టు ఒక పన్ను సన్నగా, పక్కది లావుగా వచ్చే చైన్‌రింగ్‌ను శ్రామ్ సంస్థ 2012లో ఎక్స్‌ఎక్స్1 గేర్లతో తెచ్చింది. లావు పన్ను బయటి లింకును నిండుగా పట్టి ఉంచుతుంది. సన్న, లావు పళ్లు ఒకటి విడిచి ఒకటి రావాలి కనుక ఈ చక్రాలకు పళ్లు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉంటాయి. ఊడిన చైన్‌ను మళ్లీ ఎక్కించేటప్పుడు ఒక్క పన్ను తేడా వచ్చినా లావు పన్ను ఇరుకు సందులో దిగక చైన్ పైకి తేలుతుంది. కాబట్టి ఒక చుట్టు నెమ్మదిగా తిప్పి చూడాలి.

రెండో రక్షణ వెనక డిరైలర్‌లోని క్లచ్. చైన్‌ను లాగి ఉంచే చేయి గతుకులకు ముందుకు ఊగకుండా ఇది పట్టి ఉంచుతుంది. షిమానో సంస్థ క్లచ్ డిరైలర్లలో చాలావాటికి దీన్ని ఆపే మీట ఉంటుంది. వెనక చక్రం విప్పడానికి మీటతో క్లచ్ ఆపి, తర్వాత మళ్లీ వేయడం మరిచిపోతే చైన్ అదుపు తప్పుతుంది.

చైన్ పొడవు మించినా, అరిగి సాగినా ప్రమాదమే. అరుగుదలను స్కేలుతో కొలవవచ్చు: కొత్త చైన్‌లో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. 11, 12 గేర్ల చైన్‌లో ఆ కొలత ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగితే, అంటే 0.5 శాతం సాగితే, మార్చాలి. పళ్లు కొక్కేల్లా వంగితే చైన్‌రింగ్‌నూ మార్చాల్సిందే.

మన ఊళ్లలో తిరిగే గేర్లు లేని సైకిల్‌కూ ముందు పళ్లచక్రం ఒకటే. దానికి డిరైలర్ లేదు కనుక, నట్లు వదులు చేసి వెనక చక్రాన్ని వెనక్కి జరిపి చైన్ బిగిస్తారు. మధ్యలో వేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు ఆడాలి.

రాళ్ల దారుల్లో వేగంగా దిగేవారు చైన్ పక్కకు పోకుండా ఆపే చైన్‌గైడ్ కూడా పెట్టుకోవాలి. రోడ్డు మీద తొక్కేవారికి మంచి చైన్‌రింగ్, పనిచేసే క్లచ్, సరైన పొడవు ఉంటే చాలు.