గిడ్డంగిలో పుట్టిన దరువు

వినాయక నిమజ్జనం నాడు ఆదోనిలోనైనా, తుగ్గలి చుట్టుపక్కల పల్లెల్లోనైనా ట్రాక్టరు మీద డీజే బాక్సులు కదిలాయంటే పాటకన్నా ముందు దరువు వచ్చి ఎదురొమ్మును తాకుతుంది. పల్లెపాట కానీ, సినిమా పాట కానీ, దేవుడి పాట కానీ, కింద పరిచిన దరువు మాత్రం ఒకే నడక. నాలుగు మాత్రలకూ నాలుగు దెబ్బలు, ఎక్కడా తప్పవు. పాత పాట కింద కొత్త దరువు పరిచి జనాన్ని తెల్లవార్లూ ఆడించే ఈ విద్యకు ఓ రూపం ఇచ్చిన తొలి మనుషుల్లో ఫ్రాంకీ నకల్స్ ఒకడు. అమెరికాలో అతన్ని ‘హౌస్ సంగీతానికి గాడ్‌ఫాదర్’ అంటారు. ఆ బిరుదు ఊరికే వచ్చింది కాదు.

ఫ్రాంకీ 1955 జనవరి 18న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. చిన్ననాటి స్నేహితుడు లారీ లెవాన్‌తో కలిసి అక్కడి క్లబ్బుల్లో రికార్డులు తిప్పడం నేర్చాడు. షికాగోలో రాబర్ట్ విలియమ్స్ కొత్త క్లబ్బు తెరుస్తూ ముందు లెవాన్‌నే పిలిచాడు. అతను న్యూయార్క్ వదిలి రానన్నాడు. ఆ పిలుపు ఫ్రాంకీకి దక్కింది. 1977 మార్చిలో, 22 ఏళ్ల వయసులో, సౌత్ జెఫర్సన్ వీధి 206 నంబరులోని మూడంతస్తుల పాత ఫ్యాక్టరీ కట్టడంలో అతను పని మొదలుపెట్టాడు. క్లబ్బు పేరు ‘వేర్‌హౌస్’, అంటే గిడ్డంగి. అక్కడ వినిపించే సంగీతానికి ఊళ్లో ‘హౌస్’ అనే పేరు దాన్నుంచే వచ్చింది.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో కుర్రాళ్లు, అందులోనూ స్వలింగ ప్రేమికులు. వేరే క్లబ్బుల గుమ్మం దగ్గరే ఆగిపోవలసి వచ్చినవాళ్లు. శనివారం రాత్రి మొదలైన ఆట ఆదివారం పగలు దాకా సాగేది. పీర్ల పండుగకు గుండం చుట్టూ తప్పెట్ల మోతలో తెల్లారేదాకా అడుగేసే మన పల్లెలవాళ్లకు ఆ ఒడుపు తెలుసు. దరువు మారదు కాబట్టే అలసట తెలియదు. అడుగు తప్పినవాడు మళ్లీ కలుసుకోవడానికి తాళం అతనికోసం కాచుకునే ఉంటుంది.

ఇంతలో ఫ్రాంకీ వినిపిస్తున్న డిస్కో సంగీతం మీద అమెరికాలో పెద్ద వ్యతిరేకత లేచింది. 1979 జూలై 12న అదే షికాగోలో, కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత డిస్కో రికార్డులను పేల్చేసే కార్యక్రమం పెట్టాడు. ఒక డిస్కో రికార్డు తెచ్చిస్తే 98 సెంట్లకే టికెట్. రెండు ఆటల నడుమ రికార్డుల పెట్టెను మందుగుండుతో పేల్చారు. వేలమంది మైదానంలోకి దూకారు. రెండో ఆట జరగనే లేదు. ఆ రాత్రి అక్కడ సీట్లు చూపించే పనిలో ఉన్న విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు తర్వాత చెప్పిందేమిటంటే, జనం తెచ్చిన రికార్డుల్లో డిస్కో కానివి చాలా ఉన్నాయి, అవి నల్లజాతి గాయకుల పాటలు. కోపం ఎవరిమీదో ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. అదే లారెన్స్ 1984లో జెసీ సాండర్స్‌తో కలిసి ‘ఆన్ అండ్ ఆన్’ పాట చేశాడు. రికార్డుగా అచ్చయిన తొలి హౌస్ పాట అదేనని చాలామంది లెక్క. డిస్కో చచ్చిపోయిందని అమెరికా తేల్చేసిన ఆ ఏళ్లలోనే మన దగ్గర 1984లో ‘డిస్కో కింగ్’ సినిమా వచ్చింది. 1986లో ‘సింహాసనం’ సినిమాకు బప్పీ లహిరి బాణీలు కట్టాడు.

పెద్ద కంపెనీలు డిస్కో రికార్డులు తగ్గించేసరికి ఫ్రాంకీకి కొత్త సరుకు కరువైంది. అతని అసలు ప్రతిభ అక్కడే బయటపడింది. పాటను టేపు రీలు మీదికి ఎక్కించేవాడు. జనం ఊగిపోయే చోటు, అంటే పాడటం ఆగి ఒట్టి డ్రమ్ములు, బేసు మిగిలే కాసిని క్షణాలు ఎక్కడున్నాయో చెవితో పట్టుకునేవాడు. ఆ ముక్కను మళ్లీమళ్లీ ఎక్కించి, బ్లేడుతో కోసి, టేపు అతికించి, క్షణాల ముక్కను నిమిషాలకు సాగదీసేవాడు. గాటు వెంట్రుకవాసి పక్కకు పోయినా దరువు కుంటుతుంది, ఆడేవాళ్ల కాలికి వెంటనే తెలిసిపోతుంది. ఒక్కోసారి దీపాలన్నీ ఆర్పేసి, చీకట్లో రైలు దూసుకొచ్చే చప్పుడు బాక్సుల్లోంచి వదిలేవాడు. గోడ చీల్చుకుని రైలు లోపలికి వస్తోందనుకుని హాలంతా కేకలు పెట్టేది. రికార్డులు పెట్టడమే డీజే పని అనుకునేవాళ్లు ఈ పనితనం చూడాలి. ఇది స్వరకర్త చేసే పనే.

1982 చివర్లో అతను వేర్‌హౌస్ వదిలి ‘పవర్ ప్లాంట్’ అనే సొంత క్లబ్బు పెట్టాడు. డెట్రాయిట్‌కు చెందిన డెరిక్ మే అనే సంగీతకారుడి దగ్గర జపాన్ కంపెనీ రోలాండ్ తయారుచేసిన టీఆర్-909 డ్రమ్ మిషన్ కొన్నాడు. పాత పాట కింద ఆ మిషన్ దెబ్బను పరిచాడు. అదే కంపెనీ మిషన్లతో 1982లోనే మన బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు చేశాడు. అప్పుడు పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం నివ్వెరపోయింది.

ఇక అసలు చెప్పవలసింది ‘యువర్ లవ్’ సంగతి. ఆ పాట రాసిందీ పాడిందీ జేమీ ప్రిన్సిపుల్ అనే షికాగో కుర్రాడు. రికార్డు కాకముందే టేపు రూపంలో ఫ్రాంకీ చేతికొచ్చి క్లబ్బులో మారుమోగింది. 1987లో ట్రాక్స్ రికార్డ్స్ దాన్ని విడుదల చేసినప్పుడు లేబుల్ మీద ఉన్నది ఫ్రాంకీ నకల్స్ పేరు. లోకం ఆ పాటను అతనిదిగానే ఎరిగింది. ట్రాక్స్ మీద కళాకారుల ఫిర్యాదు ఇదొక్కటే కాదు. లారీ హర్డ్, రాబర్ట్ ఓవెన్స్ అనే కళాకారులు తమకు రావలసిన డబ్బు రాలేదని 2020లో కోర్టుకెక్కారు. రాజీ కుదిరి హక్కులు తిరిగి చేతికి రావడానికి 2022 దాకా పట్టింది. ఫ్రాంకీని నేను ఎంత గౌరవిస్తానో, ‘యువర్ లవ్’ గురించి చెప్పవలసి వచ్చినప్పుడు జేమీ పేరే ముందు చెప్పాలని అంత గట్టిగా నమ్ముతాను.

తర్వాతి జీవితం విజయాల వరస. న్యూయార్క్ తిరిగొచ్చి డేవిడ్ మొరాలెస్, జూడీ వైన్‌స్టైన్‌లతో డెఫ్ మిక్స్ సంస్థలో పనిచేశాడు. 1989లో ‘టియర్స్’, 1991లో ‘ది విజిల్ సాంగ్’ వచ్చాయి. పెద్ద పెద్ద గాయకులు తమ పాటలు అతని చేతికిచ్చి రీమిక్స్ చేయించుకున్నారు. రీమిక్స్ చేసేవాళ్ల కోసం గ్రామీ పెట్టిన అవార్డు 1998లో మొట్టమొదట అతనికే దక్కింది. 2004 ఆగస్టు 25న షికాగో నగరం జెఫర్సన్ వీధిలో ఆ క్లబ్బు ఉన్న భాగానికి అతని పేరు పెట్టింది. అందుకు సాయపడినవాళ్లలో అప్పటి రాష్ట్ర సెనేటర్ బరాక్ ఒబామా ఉన్నాడు. మధుమేహంతో బాధపడుతూ, 2008లో ఒక పాదం తీసేసినా అతను డీజే పని మానలేదు. 2014 మార్చి 31న 59 ఏళ్లకే కన్నుమూశాడు. 2023లో వేర్‌హౌస్ కట్టడాన్ని నగరం రక్షిత కట్టడంగా ప్రకటించింది.

మన ప్రాంతంలో డీజే మిక్సులు చేసే తమ్ముళ్లకు ఒక మనవి. మీ పాటల్లో రెండు చరణాలకొకసారి మీ పేరు, మీ ఊరి పేరు వినిపిస్తాయి. వినిపించాలి కూడా, ఆ కష్టం మీది. కానీ కింద ఉన్న పాట భజన గుంపులో ఒక పెద్దాయనదో, కలుపు తీస్తూ పాడిన ఒక అక్కదో అయ్యుంటుంది. మీ పేరు వేసుకున్న చోటే వాళ్ల పేరు, వాళ్ల ఊరి పేరు కూడా వేయండి. పాట మీద నాలుగు రూపాయలు వస్తే అందులో వాళ్ల వాటా వాళ్లకు ఇవ్వండి.