కత్తిపిడి చరిత్రము

మన కమ్మరివృత్తి చరిత్రమును వ్రాయువారు అలుగును వర్ణించి పిడిని విడిచిపెట్టుచున్నారు. ఇది న్యాయము కాదని మా యభిప్రాయము. అమరసింహుడు చురికకు అసిపుత్రి, అనగా ఖడ్గపు కూతురు, అను ముద్దుపేరు చెప్పెను. పిడిని త్సరువనియు, దాని బంధమును మేఖల యనియు వేఱుగా పేర్కొనెను.

1855లో కృష్ణ ఆనకట్ట ముగిసిన పిమ్మట డెల్టాలో వరిసాగు పెరిగి కొడవళ్లకు గిరాకి హెచ్చెను. వానికి కొయ్యపిడియే తగినది. పిడిరంధ్రమున లక్కపొడి నింపి, కాల్చిన తోకను జొనిపినచో లక్క కరగి, చల్లారి బిగియును. పొన్ను పిడిని పగులనీయదు.

తోలుపిడి మార్గము వేఱు. దళసరి తోలును బిళ్లలుగా కోసి, నడుమ చీల్చి, పూసలవలె తోకకు గ్రుచ్చి, జిగురు పూసి గట్టిగా అదిమి, కొనను బిగించి, ఆకురాతితో నునుపు చేయుదురు. చెమటపట్టిన చేతనుండి జాఱదు. నీట నానిన మాత్రము ఉబ్బును. కావున మడిపనికి కొఱగాదు. 1942లో అమెరికా మెరీను దళము తన సైనికులకై స్వీకరించిన కత్తులకు ఇట్టి పిడులే యుండెను.

ఇక సభవారిలో కొందఱికి రుచింపని మాట. తంగేడుచెక్కతో తోలును పదును చేసినవారు మనవారు కారు, మాదిగలు. పిడిమాట యటుండనిండు, మన కొలిమితిత్తియే తోలుది. మనుబ్రహ్మ సంతతివారమని చెప్పుకొను మనకు ఆ తిత్తి లేనిచో ఇనుము ఎఱ్ఱబడి యుండునా? వన్‌టౌన్ అంగళ్లలో నేడు ప్లాస్టిక్కు పిడుల కత్తులు మెండు. తిత్తి కుట్టుట యెఱిగినవారు అరుదైరి. వృత్తిచరిత్రమును అచ్చువేయించు పోషకులు ఆ యిండ్లవారి పేళ్లను మన వృద్ధుల నడిగి, ఈ యేడే వ్రాయింపవలెనని కోరుచున్నాము.