నల్ల తెరకు రంగు ఎట్లా వచ్చింది: టెర్మినల్ వెనక ఉన్న ఒక ఉమ్మడి రూలు కథ



ప్రతి ఏడాది మన హాస్టల్ పిల్లలు డిగ్రీ మొదటి సెమిస్టర్‌లో కంప్యూటర్ ల్యాబ్‌కు పోతారు. ల్యాబ్‌లో లైనక్స్ తెరిస్తే ఒక నల్ల తెర, దాని మీద మినుకు మినుకుమనే కర్సర్. మౌస్ పనికిరాదు, బొమ్మలు ఉండవు. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ళకే ఇది వస్తుంది, మనకు రాదు అని కొందరు అక్కడే వెనక్కి తగ్గుతారు. అందుకే మేము నలుగురం కూర్చుని ఈ నల్ల తెర చరిత్ర చదివినం. చదివింది మీ ముందు పెడుతున్నం. కొంచెం పొడుగుంది, ఓపిక పట్టండి.

ముందు తెరే లేదు. 1963లో అమెరికాలో టెలిటైప్ మోడల్ 33 అనే మెషీన్ వచ్చింది. అది టైప్ మిషన్ లాంటిదే, తీగ మీదుగా కంప్యూటర్‌కు కలిపేవాళ్ళు. మనం కొట్టింది కాగితం మీద పడేది, కంప్యూటర్ జవాబు కూడా అదే కాగితం మీద పడేది. సెకనుకు 10 అక్షరాలు, అన్నీ ఇంగ్లిష్ పెద్దక్షరాలే. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ తయారుచేసిన రోజుల్లో ఇట్లాంటి మెషీన్ల మీదే పనిచేసినరు. ఇవాళ్టికీ లైనక్స్‌లో టెర్మినల్‌ను టీటీవై అంటారు. అది టెలిటైప్ అన్న మాటకు పొట్టి రూపం.

కాగితం మీద ఒకసారి పడిన అక్షరాన్ని చెరపలేం. గాజు తెర వచ్చాక కొత్త పనులు కుదిరినయి. తెర తుడవొచ్చు, కర్సర్‌ను పైకి కిందికి జరపొచ్చు, ఒక్క అక్షరాన్ని మార్చొచ్చు. కానీ కంప్యూటర్ నుంచి తెరకు పోయేది ఒక్కటే తీగ, దాంట్లో పోయేవి అక్షరాలే. మరి 'ఇది అక్షరం కాదు, ఆజ్ఞ' అని తెరకు ఎట్లా చెప్పాలి?

దానికి ఆస్కీ అనే అక్షరాల పట్టికలోనే దారి ఉంది. ఆ పట్టికలో 128 నంబర్లు ఉన్నయి. వాటిలో కొన్ని తెర మీద కనబడవు. 7 వస్తే గంట మోగాలి, 10 వస్తే కింది వరుసకు పోవాలి. 27వ నంబరు పేరు ఎస్కేప్. అది వస్తే 'తర్వాత వచ్చేవి అచ్చు వేయకు, ఆజ్ఞగా తీసుకో' అని అర్థం. ఐబీఎంలో పనిచేసిన బాబ్ బీమర్ ఈ ఆలోచనను ముందుకు తెచ్చినాయన. మన కీబోర్డులో పైన ఎడమ మూలన ఉన్న ఎస్కేప్ కీ అదే.

దారి దొరికింది గానీ, ఒక్కో కంపెనీ ఒక్కో భాష పెట్టుకుంది. డెక్ కంపెనీ వీటీ52 టెర్మినల్‌లో కర్సర్ జరపాలంటే ఎస్కేప్ తర్వాత వై అక్షరం పంపాలి. లియర్ సీగ్లర్ కంపెనీ ఏడీఎం-3ఏ లో ఎస్కేప్ తర్వాత సమానం గుర్తు పంపాలి. హేజెల్టైన్ కంపెనీ టెర్మినళ్ళలో కొన్నింటికి ఆజ్ఞ మొదలయ్యేదే వేరే గుర్తుతో. ఒక తెర కోసం రాసిన ప్రోగ్రామ్ ఇంకో తెర మీద చెత్త చూపించేది. ఖరీదైన తెర కొన్నవాళ్ళకు ఒక ప్రోగ్రామ్, చౌక తెర ఉన్నవాళ్ళకు ఇంకో ప్రోగ్రామ్ అన్నట్టు అయ్యేది.

ఈ చిక్కుకు రెండు వైపుల నుంచి జవాబు వచ్చింది.

మొదటిది విశ్వవిద్యాలయం నుంచి. బర్కిలీలో బిల్ జాయ్ అనే విద్యార్థి వీఐ అనే ఎడిటర్ రాసినడు. ఆయన వాడింది ఏడీఎం-3ఏ. ఆ కీబోర్డులో హెచ్, జే, కే, ఎల్ కీల మీద బాణం గుర్తులు ఉండేవి. వీఐలో ఇవాళ్టికీ ఆ నాలుగు అక్షరాలతోనే కర్సర్ జరపడానికి కారణం అదే. తన ఎడిటర్ అన్ని తెరల మీద నడవాలని 1978లో టెర్మ్‌క్యాప్ అనే ఒక జాబితా పెట్టినడు. అది మామూలు టెక్స్ట్ ఫైలే. రేషన్ షాపు రిజిస్టర్‌లో ఇంటింటి వివరం ఉన్నట్టు, దాంట్లో ఒక్కో టెర్మినల్‌కు ఎన్ని వరుసలు, ఎన్ని నిలువు వరుసలు, తెర తుడవడానికి ఏం పంపాలి అని రాసి ఉంటుంది. కొత్త తెర వస్తే ప్రోగ్రామ్ ముట్టుకోనక్కర లేదు, రిజిస్టర్‌లో ఒక పద్దు కలిపితే చాలు.

ఆ జాబితా మీద కెన్ ఆర్నాల్డ్ కర్సెస్ అనే లైబ్రరీ కట్టినడు. దాని అవసరం అర్థం కావాలంటే చిన్న లెక్క చాలు. తెర నిండా 80 నిలువు వరుసలు, 24 అడ్డ వరుసలు, మొత్తం 1920 గళ్ళు. ఫోన్ లైన్ మీద ఆ రోజుల్లో సెకనుకు 30 అక్షరాలు పోయేవి. అంటే తెర మొత్తం ఒక్కసారి గీయడానికి 64 సెకన్లు! కర్సెస్ ఏం చేస్తదంటే, తెర మీద ఇప్పుడు ఏముంది, ఇక ఏముండాలి అని రెండు పటాలు గుర్తుపెట్టుకుంటది. రెండింటికీ తేడా ఉన్న గళ్ళు మాత్రమే పంపుతది. రోగ్ అనే పాత ఆట ఇట్లాగే నడిచింది. ఇవాళ లైనక్స్‌లో ఉన్న ఎన్‌కర్సెస్ దీని వారసురాలే.

రెండో జవాబు ఉమ్మడి రూలు. యూరప్‌లో 1976లో ఎక్మా-48, అమెరికాలో 1979లో ఆన్సీ ఎక్స్3.64 అనే ప్రమాణాలు వచ్చినయి. ఎస్కేప్, పక్కన చదరపు బ్రాకెట్, తర్వాత నంబర్లు, చివర ఒక అక్షరం. అక్షరం హెచ్ అయితే కర్సర్ జరగాలి, జే అయితే తెర తుడవాలి, ఎం అయితే అక్షరాల రూపం మారాలి. 1978 ఆగస్టులో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 ఈ పద్ధతి పాటించింది, బాగా అమ్ముడుపోయింది. మిగతా కంపెనీలు దాన్ని అనుసరించినయి.

వీటీ100కు రంగులు లేవు. మందం, కింద గీత, మినుకు, తిరగేసిన వెలుగు ఇంతే. కానీ రూలులో రంగులకు చోటు అప్పుడే ఉంది. అక్షరం రంగుకు 30 నుంచి 37, వెనక రంగుకు 40 నుంచి 47. ఈ నంబర్లను బట్టీ పట్టనక్కర లేదు. ఎరుపుకు 1, ఆకుపచ్చకు 2, నీలానికి 4 అనుకోండి. 30కి కలుపుకుంటూ పోండి. 31 ఎరుపు, 32 ఆకుపచ్చ, 34 నీలం. ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు కలిస్తే పసుపు, అందుకే 33. మూడూ కలిస్తే తెలుపు 37. ఏదీ లేకపోతే నలుపు 30. సున్నా పంపితే అన్నీ మామూలుకు వస్తయి. ఆ సున్నా మరిస్తే తర్వాత వచ్చే అక్షరాలన్నీ అదే రంగులో ఉండిపోతయి.

1983లో ఎంఎస్-డాస్ 2.0తో వచ్చిన ఆన్సీ.సిస్ అనే ఫైల్ ద్వారా పీసీలు కూడా ఈ నంబర్లు అర్థం చేసుకున్నయి. తర్వాత 256 రంగులు వచ్చినయి: మొదటి 16, తర్వాత ఆరు ఆర్ల ఆర్లు 216, చివర 24 బూడిద ఛాయలు. ఇప్పుడు చాలా టెర్మినళ్ళు కోటిన్నరకు పైగా రంగులు చూపిస్తయి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. 33 అంటే పసుపు అని రూలు చెప్తది గానీ, ఏ పసుపో చెప్పదు. పాత ఐబీఎం కలర్ మానిటర్ మీద అది గోధుమ రంగులో కనబడేది. తెల్ల తెర మీద అయితే చదవడమే కష్టం. కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. అందుకే ప్రోగ్రామ్ రాస్తే రంగుతో పాటు 'తప్పు', 'సరే' అనే మాట కూడా రాయండి.

ఇక మన సంగతి. ఈ రూలు రాసినప్పుడు ఆ గదిలో తెలుగు అక్షరం లేదు. ఒక గడికి ఒక అక్షరం అన్నది ఇంగ్లిష్‌కు కుదిరిన లెక్క. 'స్త్రీ' అని మనం ఒక్క అక్షరంగా చదివేది కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు. దానికి ఎన్ని గళ్ళు ఇవ్వాలో చాలా టెర్మినళ్ళకు సరిగ్గా తెలియదు. ఒత్తులు విడిపోతయి, గుణింతాలు పక్క గడి మీద పడతయి. తెలుగుకే ఇట్లా ఉంటే మన గిరిజన భాషల లిపుల సంగతి ఏంటి?

మంచి మాట ఏంటంటే, మొదటి మెట్టు అయిపోయింది. యూనికోడ్ పట్టికలో సవరల సోరాంగ్ సోంపెంగ్ లిపి 2012లో, మసరాం గోండి లిపి 2017లో చేరినయి. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరి పేరుతోనే గుంజాల గోండి లిపి 2018లో చేరింది. 27 అంటే ఎస్కేప్ అయినట్టే, ఆ అక్షరాలకు కూడా ప్రపంచమంతా ఒకే నంబర్లు. ఇక మిగిలింది ఫాంట్లు, గళ్ళ లెక్క, నల్ల తెర మీద సరిగ్గా కనబడటం. ఆ పని చేసే ప్రోగ్రామ్‌లు చాలావరకు ఓపెన్ సోర్స్. కోడ్ ఎవరైనా చదవొచ్చు, దిద్ది పంపొచ్చు. డబ్బు కట్టనక్కర లేదు. కానీ తప్పు పడిందని గుర్తుపట్టాలంటే ఆ లిపి చదవగలిగినవాళ్ళు కావాలి. ఆ మనుషులు మన ఊళ్ళలోనే ఉన్నరు.

పాత కంప్యూటర్ అయినా ఫర్వాలేదు, నల్ల తెరకు అది చాలు. మీ ల్యాబ్‌లో టెర్మినల్ తెరిచి మీ భాషలో, మీ లిపిలో ఒక వాక్యం కొట్టి చూడండి. ఎట్లా కనబడిందో ఫొటో తీసి, ఏ టెర్మినలో పేరు రాసి కింద పెట్టండి. అన్నీ ఒకచోట చేర్చి, ఏది ఎక్కడ విరుగుతున్నదో జాబితా తయారుచేద్దాం. గోండి, సవర చదవగలిగిన పెద్దలు ఎవరైనా మీకు తెలిస్తే వాళ్ళను కూడా అడగండి.